పాత వాల్వు కాగితాలు పారేయకండి

గుండెకి వాల్వు వేయించుకున్నోళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఆ ఆపరేషన్ కాగితాలు, వాల్వు కార్డు దయచేసి పారేయకండి, ఎన్నేళ్ళైనా సరే. మా పెద్దమ్మది చిత్తూరు, చిన్నప్పటి కీళ్ళవాత జ్వరంతో మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది) పాడైతే చాన్నాళ్ళ కిందట రొమ్ము కోసి టిష్యూ వాల్వు, అంటే జంతువుల కణజాలంతో చేసింది, వేసినారు, తర్వాత గుండె కొట్టుకోవడం సరిచేసే పేస్‌మేకర్ కూడా పెట్టినారు. ఇప్పుడు నాలుగడుగులు నడిస్తే ఆయాసం. టిష్యూ వాల్వులు మామూలుగా పది పదిహేనేళ్ళకి అరిగిపోతాయంట, వయసులో ఉన్నోళ్ళకి ఇంకా తొందరగా.

తిరుపతిలో డాక్టరు మొదట అడిగింది వాల్వు ఏ కంపెనీది, ఏ సైజు అని. మళ్ళీ రొమ్ము కోయకుండా తొడ దగ్గర సిరలోంచి కెథీటర్ అనే సన్న గొట్టం పంపించి, గుండె కుడి ఎడమ గదుల మధ్య గోడకి చిన్న రంధ్రం చేసి, అవతలికి పోయి పాత వాల్వు లోపలే కొత్తది విప్పుతారు. పాత వాల్వు చట్రమే కొత్తదానికి పట్టు, అందుకే దాని లోపలి కొలత కచ్చితంగా తెలియాల, వాల్వు సైజని రాసిన 27, 29 అనే నంబరు లోపలి వెడల్పు కాదు, మోడల్ తెలిస్తేనే అసలు కొలత దొరుకుతుంది. మెటల్ వాల్వు ఉన్నోళ్ళకి ఇది కుదరదు, మన దేశంలో చేసిన చిత్రా వాల్వు కూడా ఆ రకమే, దాని గట్టి బిళ్ళని పక్కకి నెట్టలేరు కదా.

2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే అనే డాక్టరు మొదటిసారి మనిషికి కెథీటర్‌తో అయోర్టిక్ వాల్వు (గుండెలోంచి రక్తం ఒంటికి పోయే దారిలో ఉండేది) వేసినారు, అక్కడినుంచి వైద్యం ఇంతదూరం వచ్చిందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

పేస్‌మేకర్ ఉందని మా ఇంట్లో అందరూ భయపడినారు. ఉన్నంత మాత్రాన కుదరదని కాదు, ముందు దాన్ని చెక్ చేస్తారు, వైర్లు కదలకుండా చూసుకుంటారు అన్నారు. అసలు భయం వేరే ఉంది, కొత్తది విప్పినప్పుడు పాత వాల్వు రెక్కలు తెరుచుకున్నట్టే అతుక్కుపోయి గొట్టం మాదిరి అవుతాయి, అది రక్తం గుండెలోంచి బయటికి పోయే దారికి అడ్డం పడచ్చు, సీటీ స్కాన్‌లో ముఖ్యంగా చూసేది అదే. పళ్ళలో చీము, జ్వరం లాంటివి ఉంటే దాచకుండా చెప్పాల, ఇన్ఫెక్షన్ వాల్వుకి పాకితే మొత్తం కథ మారిపోతుంది.

పెద్దమ్మ డిశ్చార్జి కాగితం వెనక వాల్వు స్టిక్కర్ అంటించి ఉంది, మోడల్, సైజు అన్నీ. మీ దగ్గర అది లేకుంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డుల సెక్షన్‌లో అప్పటి పేషెంటు నంబరు చెప్పి అడగండి, దొరికితే వెంటనే ఫోన్‌లో ఫోటో తీసి పిల్లలందరికీ పంపించండి.