ఎవలన్న తరుముతున్రా?

తార్నాకలో మా సందు మలుపు దగ్గర తెల్లారకముందే గోనెపట్టా పరిచి ఆకుకూరలు అమ్మే పెద్దమ్మ ఒకామె ఉంది. 2014 జనవరిలో ఒకరోజు చున్నీ లేకుండా, మా ఆయన పాత టీషర్టు వేసుకుని, తల దించుకుని ఆమె ముందు నుంచి పరిగెత్తాను. పరిగెత్తాను అనడం కాస్త ఎక్కువే. ఆమె కొత్తిమీర మీద నీళ్లు చిలకరిస్తూ అడిగింది: "గింత పొద్దుగాల్నే యాడికి ఉరుకుతున్నవ్ బిడ్డా? ఎవలన్న తరుముతున్రా?"

నాది తెనాలి పక్క ఊరు. మా వైపు ఉరకడమంటే దూకడమే. పెళ్లయి ఇక్కడికొచ్చిన కొత్తలో మా అత్తయ్య "పిల్లగాడు మేడ మీద ఉరుకుతుండు" అంటే గుండె ఆగినంత పనై మెట్లెక్కాను. తీరా చూస్తే వాడు గాలిపటం పట్టుకుని పరిగెడుతున్నాడు. రెండు వైపుల వాళ్లకీ కలిసే మాట ఒకటుంది, ఉరుకులు పరుగులు. నలభై ఒక్కేళ్లూ నేను బతికింది వాటి మీదే. క్యారేజీలు, బస్సు, బ్యాంకు కౌంటరు, సాయంత్రం క్యాష్ టాలీ. కానీ నిజంగా వంద మీటర్లు పరిగెత్తిన జ్ఞాపకం ఎనిమిదో తరగతి తర్వాత లేదు.

ఆమెకి ఆ రోజు "ఎవరూ లేరు పెద్దమ్మా" అన్నాను. అబద్ధం. అంతకు వారం ముందే నా రిపోర్టులో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా సరిహద్దు, 6.5కి చేరితే షుగర్ వచ్చినట్టే. మా నాన్న కాలి వేలు తీసేసిన రోజు ఆసుపత్రి వరండాలో కూర్చున్నదాన్ని నేను. ఆ 6.2 నన్ను తరిమిన తరుముడు ఇంకెవరూ తరమలేదు.

అప్పట్లో తార్నాక రోడ్డంతా మెట్రో పనులతో తవ్వేసి ఉండేది. అందుకని ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లేదాన్ని. ఇప్పుడు రైళ్లు తిరుగుతున్నా అలవాటు మారలేదు. పొద్దున ఐదున్నరకి ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడితే, 1939 నాటి ఆ రాతి కట్టడం వెలుగు పడేకొద్దీ బూడిద రంగు నుంచి గులాబీ రంగుకి తిరగడం కనిపిస్తుంది. అప్పుడప్పుడూ చెట్లలోంచి నెమలి అరుస్తుంది. నెమలి అందం చూసి దాని గొంతు ఎలా ఉంటుందో ఊహించుకున్నవాళ్లు మోసపోతారు, అది వేరే సంగతి. కుక్కలతో మాత్రం ఒక ఒప్పందానికి వచ్చాను: అవి కనబడగానే నేను నడుస్తాను. పరిగెత్తేవాళ్లని చూస్తే వాటికీ పెద్దమ్మకొచ్చిన అనుమానమే వస్తుందనుకుంటా. ఎవరూ తరమకపోతే తామే తరుముదామని బయల్దేరతాయి.

ఏడాదికి రిపోర్టు 5.6కి దిగింది. అప్పుడు మానేయొచ్చు కదా? మానలేదు. వాచీ కొన్నాను. నా వయసువాళ్లు, నాకన్నా చిన్నవాళ్లు కలిసిన ఒక గుంపులో చేరాను. కిలోమీటరు ఎనిమిది నిమిషాలకి తగ్గట్లేదని రాత్రి పూట బెంగపడేదాన్ని. పిల్లాడి ఇంటర్ మార్కుల మీద కూడా అంత బెంగ పెట్టుకోలేదు.

2017 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21 కిలోమీటర్ల పరుగుకి, దిగాను. నెక్లెస్ రోడ్డు చదును చూసి పొంగిపోయి, పక్కన కుర్రాళ్లు పోతున్న వేగంతో పోయాను. మన ఊరు దక్కను రాళ్ల మీద కట్టిన ఊరన్న సంగతి బస్సులో కూర్చుంటే తెలీదు, కారులో అసలే తెలీదు. హుస్సేన్ సాగర్ ఒడ్డు వదిలి గచ్చిబౌలి వైపు పోయేకొద్దీ రోడ్డు ఎక్కుతూనే ఉంటుంది. ప్రతి ఫ్లైఓవరూ ఒక గుట్టే. పైన ఆగస్టు ఉక్క, చెమట ఆరదు, ఒంటి మీదే కూర్చుంటుంది. పదమూడో కిలోమీటరు దగ్గర నడవడం మొదలుపెట్టి, గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి 3 గంటల 4 నిమిషాలు. వచ్చిన మెడల్‌ని అత్తయ్య దేవుడి గదిలో పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. నేను మాత్రం రెండు రోజులు టైమ్ ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు క్యాషియర్ అడిగితే "మూడు గంటల్లోపే" అన్నాను. పైసా తేడా వస్తే ఇంటికి కదలని ఉద్యోగం చేస్తూ నాలుగు నిమిషాలు మింగేశాను.

మరుసటి ఏడు 2 గంటల 51 నిమిషాలు. దాని మీద మోజుతో ఫుల్‌కి తయారవడం మొదలుపెట్టాను. వారానికి ఐదు రోజులు, రోజూ వగర్పే. 2019 ఫిబ్రవరిలో ఒక పొద్దున మంచం దిగి కాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టయింది. పాదం అడుగున మడమ నుంచి వేళ్ల దాకా ఒక పట్టీ ఉంటుందట, అది దెబ్బతింది. దీని తమాషా ఏంటంటే మొదటి పది అడుగులు ప్రాణం పోతుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గింది కదా అని పరిగెడితే మర్నాటికి రెట్టింపవుతుంది. నేను ఆ తెలివితక్కువ పని మూడు వారాలు చేశాను. చివరికి ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి, మా పెద్దదాని వయసే ఉంటుంది, గట్టిగా కేకలేసింది. మెట్టు అంచున ముందు పాదాల మీద నిలబడి మడమలు కిందికి దించి లేపడం, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాని పాదం కింద దొర్లించడం. నాలుగు నెలలు పరుగు లేదు.

ఆ నాలుగు నెలలూ ఆకుకూరలు మా ఆయనే తెచ్చాడు. జూన్‌లో మళ్లీ మలుపు దగ్గర కనబడగానే పెద్దమ్మ నవ్వింది: "ఏమాయె బిడ్డా, గా తరిమెటోడు దొర్కవట్టిండా?"

"దొరకబట్టాడు పెద్దమ్మా. మడమ దగ్గర."

"మంచిగైంది. ఇగ నిమ్మలంగ పో."

ఫిజియో అమ్మాయి కూడా ఇదే చెప్పింది, కాకపోతే ఫీజు తీసుకుని. మాట్లాడుతూ పోగలిగే వేగం దాటొద్దంది. ఒక్కదాన్నే పరిగెడతాను కదా, ఎవరితో మాట్లాడను? అందుకని పందొమ్మిదో ఎక్కం పైకే చెప్పుకుంటాను. పందొమ్మిదేళ్లు నూట ముప్పై మూడు దగ్గర ఊపిరి తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. క్యాంపస్‌లో పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు కొందరు నన్ను చూసి జాలిపడతారు.

2020 వేసవిలో బయటికి పోవడానికి లేనప్పుడు డాబా చుట్టూ తిరిగాను. ఒక చుట్టు 40 మీటర్లు, 125 చుట్లకి ఐదు కిలోమీటర్లు. ఐదు చుట్లకొక చింతగింజ పక్కన పెట్టేదాన్ని. కింద పోర్షన్ వాళ్లు పదో రోజు పైకొచ్చి, "మేడం, ఏమన్నా దంచుతున్నారా?" అని అడిగారు.

ఫుల్ మారథాన్ చేయలేదు. ఇక చేయాలని కూడా లేదు. 42.195 కిలోమీటర్లని 1921లో ఖాయం చేశారట. ఆ చివరి 195 మీటర్లని కూడా వదలని లెక్క నాకు నచ్చుతుంది గానీ, అది నా ఖాతా కాదు. నా ఖాతా బ్యాంకు వాళ్లిచ్చే డైరీల్లో ఉంది. పదకొండేళ్లకి 9,312 కిలోమీటర్లు, పదమూడు జతల బూట్లు. 2017 ఆగస్టు పేజీలో అసలు టైమ్ ఉంది, అక్కడ దిద్దలేదు. వాచీ ఇప్పుడు మా అబ్బాయి చేతికి ఉంది.

మొన్న ఆదివారం పన్నెండు కిలోమీటర్లు. ఎంతసేపు పట్టిందో రాసుకోలేదు, తిరిగొచ్చేసరికి అత్తయ్య రెండో కాఫీలో ఉంది. మలుపు దగ్గర చుక్కకూర బాగుందని రెండు కట్టలు తీసుకున్నాను. ఆకుకూర చేత పట్టుకుని పరిగెడితే నలుగుతుంది, అందుకని అక్కడి నుంచి ఇంటి దాకా నడిచాను.