లైనింగు వైపు గడ్డ

అంబాజీపేట దగ్గర పల్లెలో పదిహేనేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. అందులో రెండేళ్ళ పాటు నా స్టూలు మీద నాలుగు మడతలు పెట్టిన నల్లగుడ్డ ఒకటి ఉండేది. మెత్తగా ఉంటుందని వేసుకున్నాననుకునేవారు వచ్చినవాళ్ళు. నెలలో తొమ్మిది రోజులు అది లేకుండా కూర్చునే ధైర్యం నాకుండేది కాదు. మొదటి మూడు రోజులూ గంటన్నరకో ప్యాడ్. నిమ్మకాయంత గడ్డలు పడేవి. ఎవరైనా కొలతలకి వస్తే, లేచే ముందు చెయ్యి వెనక్కి పెట్టి చీర తడుముకుని అప్పుడు లేచేదాన్ని.

అమ్మతో చెబితే "వేడి చేసుంటుందే, మెంతులు నానబెట్టుకుని తాగు" అంది. తోటికోడలు "నలభై దాటాక ఆగిపోయే ముందు అలాగే పోతుందక్కా" అంది. నాకప్పుడు నలభై ఒకటి. ఆ మాట నాకూ హాయిగానే ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు కదా! మెంతులు తాగాను, సబ్జా తాగాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ఒళ్ళొచ్చిందనుకున్నాను. పచ్చిబియ్యం మీదికి మనసు పోయేది. గుండీల డబ్బా పక్కనే బియ్యం డబ్బా పెట్టుకుని కుడుతూ నమిలేదాన్ని. ఒంట్లో ఐరన్ తగ్గితే ఇలాంటి కోరికలు పుడతాయని ఎవరూ చెప్పలేదు.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో బయటపడింది వ్యవహారం. పండగ ముందు పదిరోజులూ రాత్రి రెండింటిదాకా కుట్టి ఉన్నాను. గంగలకుర్రు వాళ్ళు భుజాల మీద మోసుకొచ్చే ప్రభలు కౌశిక కాలువ దాటుతున్నాయని జనమంతా అటు పరిగెడుతుంటే నాకు కళ్ళు బైర్లు కమ్మి ఓ కొబ్బరిచెట్టు మొదట్లో కూలబడ్డాను. ఎవరో గోళీసోడా తాగించారు. మర్నాడు రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.2. ఆడవాళ్ళకి 12 ఉండాలట.

స్కానింగులో గర్భసంచిలో రెండు గడ్డలు కనిపించాయి. ఒకటి ఆరు సెంటీమీటర్లు, ఒకటి రెండున్నర. ఫైబ్రాయిడ్లన్నారు. మొదట చూపించుకున్న ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టు తిరగేసి, "ఇద్దరు పిల్లలు పుట్టేశారు, ఇంక గర్భసంచితో పనేముంది, తీసేద్దాం. ఉంచితే కేన్సరైనా కావచ్చు" అన్నారు. అంతే, మూడు నిమిషాలు. ఆ ఒక్క మాటకి మా ఆయన ముఖం పాలిపోయింది. బయటికొచ్చాక కొబ్బరి దింపు డబ్బులు ఎప్పుడొస్తాయో లెక్కలు వేయడం మొదలుపెట్టారు.

ఆపింది తోటికోడలే. దానికి ఇరవై తొమ్మిదో ఏట, తెల్లబట్ట అవుతోందని వెళితే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. అండాశయాలు పోతే నెలసరి ఆగిపోయే వయసు ఆ రోజే వచ్చేసినట్టు. ఇప్పుడు దానికి ముప్పై ఎనిమిది, మోకాళ్ళు పట్టుకుని లేస్తుంది. "నన్ను ఎవరూ ఏమీ అడగలేదక్కా. నువ్వు ఇంకోచోట చూపించుకో" అంది. మా వైపు ఇదేం కొత్త కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు ఆడవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే నర్సమ్మ ఒకావిడ కాకినాడలో ఒక డాక్టరమ్మ పేరు చెప్పింది. నీళ్ళు బాగా తాగి రమ్మన్నారని, మళ్ళీ స్కానింగు ఉంటుందని, అమలాపురంలో బస్సెక్కేటప్పుడే లీటరు సీసా ఖాళీ చేశాను. ఎంత తెలివితక్కువ పనో యానాం వంతెన మీద తెలిసింది. తీరా వెళ్ళాక ఆవిడ, "ముందు బాత్‌రూముకి వెళ్ళి రా తల్లీ, లోపలినుంచి చూస్తాను" అన్నారు.

చూశాక అడిగారు: "ఏం పని చేస్తావు?"

"జాకెట్లు కుడతానండి."

"అయితే నీకు సులువుగా అర్థమవుతుంది. గర్భసంచి గోడ లైనింగు జాకెట్టు లాంటిది. లోపల లైనింగు, నెలనెలా ఊడిపోయేది అదే. మధ్యలో మందంగా కండ. పైన పలచటి పొర. కండలోంచి పుట్టే గడ్డలే ఇవి. కొన్ని లైనింగు వైపు పొడుచుకొస్తాయి, కొన్ని మధ్యలోనే ఉండిపోతాయి, కొన్ని పైకి వేలాడతాయి. ఎంతుందో తర్వాత, ముందు ఎక్కడుందో చూడాలి."

నా ఆరు సెంటీమీటర్లది పైపొర వైపు, ముందుకి వాలి మూత్రాశయం మీద కూర్చుంది. రాత్రి నాలుగుసార్లు నేను లేవడం దాని పుణ్యమే. రక్తం తోడేస్తున్నది మాత్రం లైనింగులోకి పొడుచుకొచ్చిన ఆ రెండున్నర సెంటీమీటర్లది. ఇన్నాళ్ళూ పెద్దదాన్ని తలుచుకుని ఏడిచాను, కొంప ముంచుతున్నది చిన్నది!

కేన్సరు సంగతి నేనే అడిగాను. ఫైబ్రాయిడ్ కేన్సరు గడ్డ కాదని, అలాంటిది బయటపడటం చాలా చాలా అరుదని చెప్పారు. యాభై ఏళ్ళు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్ళలో ఏదో ఒక సైజులో ఉంటాయట, చాలామందికి ఉన్నట్టే తెలియదట. అయినా నలభై దాటి ఇంత రక్తం పోతోంది కాబట్టి లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా పదిరోజులు ఒక్క జాకెట్టుకీ చంక సరిగ్గా కుదరలేదు. ఏమీ లేదని వచ్చింది.

తర్వాత దారులన్నీ చెప్పారు. బాధ పెట్టని గడ్డని ఊరికే కనిపెట్టుకుని ఉండొచ్చు. నెలసరి రోజుల్లో ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే పోత తగ్గుతుంది గానీ గడ్డ కరగదు. హార్మోను వదిలే లూపు ఒకటుంది, కొందరికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నాలాగా లోపలి గోడ వంకరైన వాళ్ళకి అది నిలవకపోవచ్చు. నెలకో ఇంజక్షనుతో గడ్డ చిక్కుతుంది, ఆపితే మళ్ళీ పెరుగుతుంది. పెద్ద ఊళ్ళలో, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకి రక్తం వెళ్ళే దారిని ఇసకలాంటి రేణువులతో మూసేస్తారు. లాకులు దించేస్తే చేను ఎండినట్టు గడ్డ కొన్ని నెలల్లో ఎండుతుంది. గడ్డ మటుకే తీసే ఆపరేషన్లు వేరే ఉన్నాయి. అన్నిటికీ చివర గర్భసంచి తీసేయడం.

ఆ చివరిదాన్ని నేను చెడ్డది అనను. మా పిన్నికి నలభై ఏడులో గర్భసంచి నిండా గడ్డలే, ఐదోనెల కడుపులా కనిపించేది. తీయించుకుంది, అండాశయాలు ఉంచారు, "పదేళ్ళ ముందే చేయించుకోవాల్సింది" అంటుంది. దానికి అది సరిపోయింది.

నాకు కింద నుంచే కెమెరా పంపి చిన్న గడ్డని చెక్కి తీయొచ్చన్నారు, కడుపు మీద కోత లేకుండా. కానీ 7.2తో మత్తు ఇవ్వరు. ముందు ఐరన్ సెలైన్లు, నెలసరి ఆగడానికి ఇంజక్షన్లు. ఆ ఇంజక్షన్లకి ఒళ్ళంతా ఆవిర్లు. అదీ ఎప్పుడు? రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో! ఫ్యాను కింద, తలమీద తడిగుడ్డ వేసుకుని కుట్టాను. ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదని, నిమ్మరసంతో అయితే బాగా పడుతుందని అప్పుడే తెలిసింది. అంతకు ముందు ఏడాది ఊళ్ళో ఇచ్చిన మాత్రలన్నీ టీతోనే మింగాను మరి.

జూన్ చివరికి 10.6 వచ్చింది. ఆపరేషను ముప్పావుగంట. మర్నాడు ఇంటికొచ్చేశాను. వారం పాటు నీళ్ళలాంటి ఎరుపు, కాస్త పొత్తికడుపు నొప్పి. అంత తేలిగ్గా అయిపోయిందంటే అత్తగారు నమ్మలేదు, పథ్యం పెట్టకుండా వదల్లేదు. వెల్లుల్లి కారం అన్నం నెలరోజులు తిన్నాను. ఇంజక్షన్ల మహిమ దిగి సెప్టెంబరులో నెలసరి వస్తే, నాలుగు రోజులు, రోజుకి మూడు ప్యాడ్లు. అయిదోరోజు కూడా నల్లగుడ్డ మీదే కూర్చున్నాను, నమ్మకం చాలక. అట్లతద్దికి హిమోగ్లోబిన్ 12.1.

పెద్దది మాత్రం అలాగే ఉంది. దాన్ని తీయాలంటే కడుపుకి రంధ్రాలు పెట్టి మరో ఆపరేషను చేయాలి. ఇబ్బంది ఓర్చుకోగలిగితే, నెలసరి ఆగిపోయాక తనే చిక్కుతుందన్నారు. కొత్తవి పుట్టవని మాత్రం హామీ ఇవ్వలేదు. ఏడాదికోసారి స్కానింగు. మొన్న సంక్రాంతి వెళ్ళాక చేయిస్తే 6.2 అని వచ్చింది. పెరిగిందని మా ఆయన కంగారు పడ్డారు. నేను పడలేదు. టేపు పట్టే చెయ్యి మారితే అర అంగుళం తేడా రావడం నాకు తెలియనిదా? డాక్టరమ్మ కూడా అదే అన్నారు.

రాత్రి రెండుసార్లు ఇంకా లేస్తూనే ఉన్నాను. పెరటి తలుపు గొళ్ళెం చప్పుడుకి నిద్ర చెడుతోందని మా ఆయన దానికి మిషను నూనె వేశారు.