రెండున్నర అడుగుల దారిలో పర్లాకిమిడి దాకా

ఒడిశాలోని గుణుపురంలో పెళ్లి అయిన మర్నాడు ఇంకా చీకటి ఉండగానే పెదనాన్న నన్ను తట్టి లేపాడు. బరంపురం దాకా కారులో చోటుందని పెళ్లివారు రాత్రే చెప్పారు. ఆయన వినిపించుకోలేదు.

"కారు ఎప్పుడైనా ఎక్కొచ్చురా. పొద్దున్న విశాఖ బండిలో పర్లాకిమిడిలో దిగుదాం. ఆ స్టేషన్ చూసి ముప్పై ఏళ్లు దాటింది."

"అక్కడ చూడటానికి ఏముంది పెదనాన్నా?"

"నీకేం తెలుసు! లే ముందు."

గుణుపురంతో పట్టాలు అయిపోతాయి. ఇక్కడి నుంచి తెరువలి దగ్గర విజయనగరం-రాయపూర్ లైనులో కలిపేలా, 70 కిలోమీటర్లకు పైగా కొత్త దారి మంజూరైంది. అది పూర్తయితే గాని ఈ ఊరికి చివరి స్టేషన్ అన్న పేరు పోదు. విశాఖ పాసింజరు, పూరీ బండి, రూర్కెలా వెళ్లే రాజ్యరాణి, ఇలా ఇక్కడికి వచ్చే బండ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు దాదాపు సరిపోతాయి.

మా పెట్టెలో సగం మంది సవర తెగ ఆడవాళ్లు. కొండచీపుర్ల కట్టలు సీట్ల కిందకు తోసి, చింతపండు బుట్టలు ఒళ్లో పెట్టుకున్నారు. ఒకామె చీపురు పూత నా చొక్కా నిండా రాలింది. ఆమె నొచ్చుకుని ఏదో అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు ఒడియాలో అంది, నేను తెలుగులో ఫర్వాలేదన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం. బయట వంశధార కాసేపు కనిపించి, చెట్ల వెనక్కి పోయి, మళ్లీ కనిపిస్తోంది.

పెదనాన్నకు నది మీద ధ్యాస లేదు. కిటికీ ఊచ పట్టుకుని దారినే చూస్తున్నాడు. ఆయన చిన్నప్పుడు ఇది చిన్న బండి. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు, ఇప్పటి దారిలో అయిదున్నర. బొగ్గు ఇంజను కావడంతో కిటికీ పక్కన కూర్చున్నవాడికి కంట్లో నలుసు పడటం ఖాయం. "మా అమ్మ కొంగు చివర ఊది, వెచ్చచేసి అద్దేది. నౌపడ నుంచి గుణుపురం చేరేలోగా ఎన్నిసార్లో!" నౌపడ-గుణుపురం 90 కిలోమీటర్లు. ఆ కొంగు ఎంత నలిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ దారి వేయించింది పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి. తన ఊరికీ మెయిన్ లైను మీదున్న నౌపడకీ మధ్య 40 కిలోమీటర్లు. దాదాపు 7 లక్షల రూపాయలు పెట్టి పట్టాలు పరిపించాడు. మొదటి పదేళ్లూ నష్టాలే. రాజులు సరదాకి ఏనుగుల్ని మేపినట్టే ఈయన రైలును మేపుతున్నాడని ఆ రోజుల్లో ఎవరైనా అనుకుని ఉంటే తప్పుపట్టలేం. క్రమంగా లాభాలు కనిపించాయి, దాంతో 1929లో మొదలుపెట్టి 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు.

నాకు నచ్చిన తేదీల లెక్క ఒకటి ఉంది. పర్లాకిమిడికి రైలు వచ్చింది 1900 ఏప్రిల్ 1న. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. అంటే ఈ రైలు సరిహద్దు కంటే సరిగ్గా 36 ఏళ్లు పెద్దది. రాజు దారి వేసినప్పుడు అటు చివరా ఇటు చివరా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. తరవాత ఎవరో గీత గీస్తే నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటుపడ్డాయి, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం అటుపడ్డాయి.

పర్లాకిమిడిలో దిగేసరికి ఎండ ఎక్కింది. నిజం చెప్పాలంటే చూడటానికి పెద్దగా ఏమీ లేదు. పొడుగాటి ప్లాట్‌ఫారం, టికెట్ల కిటికీ, బండి వెళ్లిపోగానే ఆవరించే నిశ్శబ్దం. బోర్డు మీద 'పారళాఖెముండి'. ఆ పేరు పెదనాన్న నోట ఈ జన్మలో రాదు. ఆయన పాత స్టేషన్‌ను వెతుక్కుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. చిన్న బండి 2004 జూన్‌లో ఆగింది. పెద్ద లైను మీద బండి ఇక్కడికి 2010లో, గుణుపురానికి 2011లో వచ్చింది. ఆ మధ్య ఏళ్లన్నీ పట్టాల పక్క ఊళ్లు బస్సుల మీద బతికాయి. అలవాటైన బస్సును జనం ఇంకా పూర్తిగా వదల్లేదు. రోజుకు కొన్నే బండ్లు నడిపి, ఎక్కేవాళ్లు లేరనడం నాకు సబబుగా తోచదు.

ఊళ్లోకి ఆటోలో వెళ్లాం. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఇక్కడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. పొద్దున్న నాకు అర్థం కాని ఆ సవర మాటను నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసింది ఆయనే. మనం ఇవాళ ఇలా మాట్లాడుకునే తెలుగులో రాసుకోగలుగుతున్నామంటే ఆయన చేసిన పోరాటం వల్లే. ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఇల్లు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికి డెబ్బై దాటాయి.

కొమ్ము పనివారి దుకాణం దగ్గర చాలాసేపు ఆగాం. దున్నపోతు కొమ్మును నిప్పు సెగ మీద తిప్పుతుంటే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. మెత్తబడగానే వంచి, ఆకురాయితో రుద్ది, మెరుగు పెడతారు. నల్లటి కొంగ మెడ అంత సన్నగా ఎలా వంగిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. పెదనాన్న మాత్రం కొంగల వైపు చూడకుండా దువ్వెన కొన్నాడు. ఆయన తల మీద దువ్వడానికి మిగిలింది బహు స్వల్పం.

"పెద్దమ్మకా?"

"మరి నాకా?"

తిరుగు ప్రయాణానికి వెంటనే రైలు లేదు. షేర్ ఆటో ఎక్కి పాతపట్నం వచ్చేశాం. కూర్చుని సర్దుకునేలోగా రాష్ట్రం మారిపోయింది. డ్రైవరు వెనక సీటుతో ఒడియాలో, మాతో తెలుగులో బేరమాడుతూ ఇద్దరి దగ్గరా ఒకే ఛార్జీ తీసుకున్నాడు. నీలమణి దుర్గ గుడిలో దండం పెట్టుకుని టెక్కలి బస్సెక్కాం.

దారిలో గేటు పడింది. కాసేపటికి ఒంటరి ఇంజను ఒకటి, వెనక ఒక్క పెట్టె కూడా లేకుండా, పర్లాకిమిడి వైపు పోయింది. పెదనాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, అది మలుపు తిరిగేదాకా చూశాడు. తల లోపలికి తీసుకుని, అలవాటు కొద్దీ ఒక కన్ను నలుపుకున్నాడు.

"ఏమైనా పడిందా పెదనాన్నా?"

"లేదురా" అన్నాడు, కొంచెం నిరాశగా.