సాగర్ నీళ్లను మళ్ళీ పైకి తోడాలి

ఏప్రిల్ వస్తే చాలు, హైదరాబాద్‌లో ప్రతి అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ సోలార్ ప్యానెళ్ల చర్చ మొదలవుతుంది. పెట్టించుకోండి, మంచిదే. కానీ జనం ఆఫీసుల నుంచి ఇళ్లకొచ్చి ఏసీలు వేసుకునే వేళకి ఎండ ఉండదు, అసలు చిక్కంతా ఆ నాలుగైదు గంటలదే.

ఏ క్షణాన ఎంత వాడుతున్నామో అంతే కరెంటు తయారవ్వాలి, తేడా వస్తే గ్రిడ్ (దేశమంతా కలిపిన కరెంటు లైన్ల వలయం) ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, 50 హెర్ట్జ్ నుంచి జరిగిపోతుంది. బొగ్గు ప్లాంటును రోజూ సాయంత్రం పూట మాత్రమే నడుపుతామంటే కుదరదు, చల్లారిన బాయిలర్ వేడెక్కడానికే గంటలు పడుతుంది. నీటి టర్బైన్ నిమిషాల్లో లోడ్ అందుకుంటుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు దాదాపు 31 వేల మెగావాట్ల డిమాండ్ పడిపోయి మళ్ళీ లేచింది, గ్రిడ్ తట్టుకుందంటే అందులో పెద్ద వాటా జలవిద్యుత్ కేంద్రాలదే.

అలాంటివి మన పక్కనే ఉన్నాయి. నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలో 8 మెషీన్లుంటే 7 రివర్సిబుల్, ఒక్కోటి 100.8 మెగావాట్లు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఆరుకు ఆరూ అవే, ఒక్కోటి 150. టర్బైన్ ఒకవైపు తిరిగితే కరెంటు ఇస్తుంది, రెండోవైపు తిప్పితే కరెంటు తీసుకుని, మన సంపు మోటార్ లాగా, కింది నీళ్లను పైకి తోడుతుంది. మధ్యాహ్నం మిగిలిపోయే సోలార్ కరెంటుతో తోడి, రాత్రి వదలాలి.

నాకు బాగా నచ్చే లెక్క ఒకటుంది. వెయ్యి లీటర్ల నీళ్లు 100 మీటర్లు కిందికి పడితే, నష్టాలు పోను వచ్చేది దాదాపు పావు యూనిట్, అంటే ఒకటిన్నర టన్ను ఏసీకి పది నిమిషాలు. ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఒక టీఎంసీకి, అంటే దాదాపు 2,800 కోట్ల లీటర్లకు, అదే లెక్క కడితే సుమారు 70 లక్షల యూనిట్లు!

తోడటానికి 100 యూనిట్లు పెడితే తిరిగొచ్చేది 75, 80 అని కొట్టిపారేసేవాళ్లున్నారు. మధ్యాహ్నం కొనేవాడు లేక సోలార్ ప్లాంట్లను తగ్గించి నడిపితే ఆ నూరూ పోతాయి కదా. పైగా కరెంటు కోసం కృష్ణా నీళ్లు వదిలేస్తున్నారని రెండు రాష్ట్రాలూ తగువులాడుకుంటుంటాయి, హైదరాబాద్ తాగే నీళ్లలో పెద్ద వాటా కూడా సాగర్‌దే. తోడి వదిలే పద్ధతిలో ఆ నీళ్లే పైకీ కిందికీ తిరుగుతాయి.

అయితే కింద టెయిల్ పాండ్‌లో, అంటే డ్యామ్ దిగువన నీళ్లు ఆపే చిన్న జలాశయంలో, సరిపడా నీళ్లు నిలబెట్టాలి, లేకపోతే ఆ ఏడు మెషీన్లకూ తోడటానికి ఏమీ ఉండదు. సాగర్ మట్టం ఎంతుందో వార్తల్లో రోజూ చెబుతారు, టెయిల్ పాండ్ మట్టం కూడా చెప్పమని అడగాలి.