అటు నుంచి పసుపు, ఇటు నుంచి నీలం: అడుగులతో శాంతి చిత్రం

చేర్యాల నకాషీ పటం, అంటే బట్ట మీద వేసిన పొడవాటి కథాచిత్రం, పుట్టింది గోడకు వేలాడదీయడానికి కాదు, కథకులు పాడుతూ ఒక్కో వరుసా విప్పి చూపడానికి. వరంగల్‌లో శాంతి కోసం పెద్ద చిత్రం వేయాలనుకునేవాళ్లూ ఈ దారే పట్టాలి. బొమ్మ ముందే వేసేసి పక్కన డప్పు కొట్టిస్తే సరిపోదు, ఆడేవాళ్ల అడుగే కుంచె కావాలి.

30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున మందపాటి కాటన్ బట్ట కుట్టించండి. పటాలకు వాడే చింతగింజల జిగురు, సుద్దమట్టి పూత ఇక్కడ పనికిరాదు. తడి పాదం పడగానే నాని లేచిపోతుంది. తెల్లటి అక్రిలిక్ ప్రైమర్ రెండు కోట్లు వేయాలి, మొత్తం 10 లీటర్ల దాకా పడుతుంది. కింద టార్పాలిన్ వేయొద్దు, బట్ట జారి మనిషి పడతాడు. చదునైన మట్టి నేల మీద పరిచి, అంచుల పొడవునా రెండడుగులకో మేకు దిగ్గొట్టండి.

అసలు పని రంగుల దగ్గరే. ఒక వాడవాళ్లు ఒక కొస నుంచి పాదాలకు పసుపు రంగు అద్దుకుని, ఇంకో వాడవాళ్లు రెండో కొస నుంచి నీలం అద్దుకుని ఆడుతూ రావాలి. నడుమ కలిసిన చోట ఆకుపచ్చ పుడుతుంది. ఇక 'శాంతి' అని అక్షరాలు రాయనక్కర్లేదు. నీలం పసుపును మింగేస్తుంది కాబట్టి మూడు పాళ్ల పసుపుకు ఒక పాలు నీలం చాలు. నిమ్మపండు పసుపే తీసుకోండి, ముదురు పసుపైతే ఆకుపచ్చ బురదలా తేలుతుంది. రంగు గడ్డపెరుగంత చిక్కగా ఉండాలి. పలచనైతే కాలు జారుతుంది, పేరిణి నాట్యంలో బలంగా వేసే అడుగుకు చింది మీద పడుతుంది. సున్నం కలపొద్దు, పాదాలు కాలతాయి. ఎనామిల్ అసలే వద్దు, వదిలించడానికి టర్పెంటైన్ రుద్దాల్సి వస్తుంది.

తడి ఆరకముందే రెండు జట్లూ కలవాలి. మేలో అయితే నిమిషాల్లోనే ఆరిపోతుంది. డిసెంబరు, జనవరి ఉదయాలు మేలు. వేగం డప్పు చేతిలో ఉంటుంది: మొదట నెమ్మదిగా మొదలై, నడుమకు వచ్చేసరికి దరువు పెరగాలి. డప్పు కాచే మంట బట్టకు దూరంగా పెట్టండి.

నట్టనడుమ వరంగల్ కోటలోని రాతి ద్వారం కీర్తితోరణం మీది హంసల జంటను కాగితంలో కత్తిరించి, అంచులు టేపుతో ముందే అంటించండి. ఆట ఆగాక, రంగు కొంచెం తడిగా ఉండగానే ఒక మూల పట్టి మెల్లగా లాగితే తెల్ల హంసలు బయటపడతాయి. పూర్తిగా ఆరాక లాగితే అంచులు పెచ్చులూడతాయి.

ఒక రోజంతా ఆరనిచ్చి, బట్టర్ పేపర్ పరిచి, రంగు బయటి వైపు ఉండేలా లావుపాటి పైపుకు చుట్టండి. లోపలికి చుడితే పూత నలిగి పగులుతుంది.