పక్షవాతం తర్వాత నాన్న మళ్లీ పేపరు చదివారు

నిన్న నాన్న పేపరులో ఒక వార్త మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు. ఆ సంతోషం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నాలుగు నెలల కిందట మెదడులో కుడివైపు రక్తం గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి, మందులు, ఫిజియోథెరపీ అయ్యాయి. నెల తిరిగేసరికి నడిచారు. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. కంచంలో కుడి సగం తిని "కూర వెయ్యలేదేంటమ్మా?" అనేవారు. కూర ఎడమ పక్కనే ఉండేది. గడ్డం కుడి చెంపకే గీసుకునేవారు. కళ్ల డాక్టరు చూపు బాగుందన్నాడు, అయినా కొత్త కళ్లజోడు మాత్రం అంటగట్టాడు.

పెద్దాస్పత్రిలో పేజీ నిండా చిన్న చిన్న గీతలున్న కాగితం ఇచ్చి అన్నిటినీ కొట్టెయ్యమన్నారు. నాన్న కుడివైపువి కొట్టేసి పెన్ను పక్కన పెట్టారు. అక్కడున్న కుర్రాడు నవ్వుతూ "సగం వదిలేశారు మాస్టారూ, ఒకటో తరగతి పిల్లలు కూడా చేస్తారు" అన్నాడు. బయట వరసలో ఉన్నవాళ్లకు కూడా వినపడింది. ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దిన మనిషి ఆ కాగితం వంక మళ్లీ మళ్లీ చూశారు. "అన్నీ కొట్టానమ్మా" అని నాతో మెల్లగా అన్నారు. నిజంగానే ఆయనకు మిగిలిన గీతలు లేవు. రోగిని చూసి నవ్వేవాణ్ని ఆ గదిలో ఉంచకూడదు. ఆ మాట ఆస్పత్రివాళ్లకు రాసిచ్చి వచ్చాను.

తర్వాత డాక్టరమ్మ నాన్నకు రెండు పక్కలా తన వేళ్లు పెట్టింది. నాన్నకు ఎడమ పక్కనున్న వేలు ఒక్కటే కదిపితే చూశారు. రెండూ కలిపి కదిపితే కుడిదే కదిలిందన్నారు. కన్ను పోలేదు, ధ్యాస కుడివైపుకు అతుక్కుపోయింది, దీన్ని నెగ్లెక్ట్ అంటారని చెప్పింది. పొడుగు గీతకు మధ్యలో గుర్తు పెట్టమంటే నాన్న బాగా కుడికి పెట్టారు. ఎడమ కొసన 'అ' రాసి, ముందు అది చదివి పెట్టమంటే గుర్తు దాదాపు మధ్యకు వచ్చింది! నా కళ్లతో చూశాను కాబట్టే నమ్మాను.

ఇంటికొచ్చి పేపరు ఎడమ అంచున ఎర్ర టేపు అంటించాను. వారమైనా ఫలితం లేదు. తప్పు నాదే. ఊరికే అంటిస్తే చాలదు, ప్రతి వరసకూ ఆయనే దాన్ని వెతికి వేలు పెట్టాలి. "నాన్నా, ఎర్ర గీత ఏదీ?" అని రోజుకు వందసార్లు అడిగాను. కుడివైపున్న టీవీ ఆపేశాను, ఫోన్ తీసేశాను. కుడివైపు ఏది కదిలినా ధ్యాస అటే పోతుంది. చుట్టాలు వచ్చి కుడి పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే లేపి ఎడమ పక్కకు పంపాను. మా అత్తయ్యకు కోపం వచ్చింది. రానీ.

నిన్న నేను అడక్కుండానే నాన్న వేలు ఎర్ర టేపు మీదికి వెళ్లింది. కాసేపటికి వరస మొదట్లో ఉన్న మాట దగ్గర ఆగి, "ఇక్కడ ఒత్తు తప్పు పడిందమ్మా, పెన్నివ్వు" అన్నారు.