డైసీ పక్కటెముకలు

డైసీ మా ఇంటికి వచ్చేనాటికి దానికి ఆరేళ్లు, బరువు 41 కిలోలు. పసుపు రంగు లాబ్రడార్. మావారి పిన్నిగారి కుటుంబం అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ, దాన్ని ఎవరి చేతుల్లో పెట్టాలో తోచక మాకు అప్పగించారు. వాళ్లింట్లో అది అల్లారుముద్దుగా పెరిగింది. పొద్దున వాళ్ల టీ వేళకు మారీ బిస్కెట్లు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి కోడి పులుసులో ముక్కలు కడిగి కలిపిన అన్నం, మధ్యలో ఎవరు ఏది తింటే అందులో ఒక ముద్ద. అంతా ప్రేమతో పెట్టిందే. కానీ ఆడ లాబ్రడార్ 25 నుంచి 32 కిలోల లోపు ఉండాలి. ఇది దాదాపు పది కిలోల అదనపు బరువును నాలుగు కాళ్ల మీద మోసుకుంటూ మా గడప తొక్కింది.

కూర్చునే తీరులో తేడా మొదట మావారు గమనించారు. కుక్క కూర్చుంటే వెనక కాళ్లు రెండూ ఒంటి కిందికి మడుచుకుంటుంది. డైసీ కుడికాలు మాత్రం పక్కకు చాపి కూర్చునేది. లేచాక నాలుగడుగులు కుంటి, తర్వాత మామూలుగా నడిచేది. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది మెట్లెక్కి వెళ్లే పైవాటా. వానలు మొదలైన రోజుల్లో ఓ సాయంత్రం మెట్లు దిగుతూ కీచుమంది. ఆ తర్వాత కుడి వెనక కాలు నేలకు ఆనించలేదు.

డాక్టరుగారు దాన్ని పక్కకు పడుకోబెట్టి, ఒక చేత్తో తొడ ఎముకను పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు నెట్టి చూశారు. ఆ ఎముక కదలకూడదు. కదిలింది. మోకాల్లో రెండు ఎముకలనూ పట్టి ఉంచే క్రూషియేట్ లిగమెంట్ దెబ్బతింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ఇది ఒక్క కుదుపుతో తెగుతుంది. కుక్కల్లో చాలావరకు అలా కాదు, నెలల తరబడి పీచులు పీచులుగా నలుగుతూ వచ్చి, చివరికి మెట్టు దిగడం లాంటి చిన్న పనికే తెగిపోతుంది. బరువెక్కువ ఉన్న కుక్కకు ఆ ముప్పు మరీ ఎక్కువ. ఎక్స్‌రేలో కీలు అంచుల్లో అప్పటికే అరుగుదల కనిపించింది.

"ఆపరేషన్ చెయ్యాలమ్మా. కానీ ముందు బరువు తగ్గించండి. లేకపోతే కుడికాలు బాగయ్యేలోపు ఎడమకాలు పోతుంది" అన్నారాయన. ఒక మోకాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోది కూడా తెగుతుందట. ఆ మాట నా మనసులో అలాగే నాటుకుపోయింది.

ఆయన అక్కడే కాలిక్యులేటర్ తీసి లెక్క కట్టారు. డైసీకి ఉండాల్సిన బరువు 29 కిలోలనుకుంటే, తగ్గించే కాలంలో రోజుకు దాదాపు 875 కేలరీలు. వారానికి ఒంటి బరువులో ఒకటి నుంచి రెండు శాతం తగ్గితే చాలు, అంతకంటే తొందరపడొద్దన్నారు. నేను ఇంటికొచ్చి మారీ బిస్కెట్ ప్యాకెట్ వెనక చదివాను. ఒక్కోటి ఇరవై పైచిలుకు కేలరీలు. పది బిస్కెట్లంటే దాని రోజు తిండిలో పావు వంతు. దాని గిన్నెలోకి లెక్కగా వేసేది ఒకటైతే, లెక్కలోకి రానిది ఇంటిల్లిపాదీ చేతుల్లోంచి పోతుంది. మా ఇంట్లో ఆ రోజు నుంచీ దాని తిండి ఒక్కరి చేతి మీదుగానే వెళ్లింది. వంటింటి గ్రాముల కాటా మీద పొడి తిండి తూచి, మిగతా గిన్నెంతా ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్, సొరకాయ, గుమ్మడి ముక్కలతో నింపేదాన్ని. ఆకలి పూర్తిగా తీరేది కాదు గానీ కడుపు నిండేది.

అది నా వైపు చూసే చూపు గురించి చెప్పాలి. గిన్నె నాకేసి, వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించి, కళ్లెత్తి చూసేది. ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోతుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో బయటపెట్టిన విషయం నాకు ఆ రోజుల్లో ఎంతో ధైర్యమిచ్చింది. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క ఉండదు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే సంకేతం అక్కడ సరిగ్గా అందదు. వాటికి భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలి ఎక్కువ. పైగా అలాంటివి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి కూడా తక్కువేనని 2024లో అదే బృందం చెప్పింది. డైసీకి ఆ పరీక్ష మేం చేయించలేదు. కానీ లాబ్రడార్ అడిగినంత మాత్రాన అది పస్తులుందని అర్థం కాదని తెలిశాక, ఆ చూపును తట్టుకోగలిగాను. చూసినప్పుడల్లా పక్కన కూర్చుని చెవుల వెనక రాసేదాన్ని. దానికి అదీ ఇష్టమే.

మాకు తెలిసిన ఒకాయన కాలినొప్పి చూడలేక, తాను వేసుకునే నొప్పి మాత్ర సగం విరిచి పెట్టమన్నారు. ఇది చదివేవాళ్లు ఎవరైనా సరే, ఆ పని చెయ్యకండి. మనం మామూలుగా మింగేసే ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుళ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పారాసిటమాల్ కాలేయాన్ని. కుక్కలకు వేరే మందులున్నాయి, అవి కూడా డాక్టరు చెప్పిన మోతాదులో, తిండి తిన్నాకే.

ఆపరేషన్ నాటికి అది 36కి దిగింది. కాలి ఎముక పైభాగాన్ని కోసి, కొంచెం తిప్పి, ప్లేటు వేసి స్క్రూలతో బిగించే పద్ధతి. తెగిన లిగమెంట్‌ను అతికించరు. అది లేకపోయినా మోకాలు జారకుండా ఎముక వాలునే మారుస్తారు. ఆ ఎముక అతుక్కోవడానికి రెండు నెలల పైనే పడుతుంది, ఆ రోజులన్నీ గెంతకూడదు, పరుగెత్తకూడదు, మెట్లు ఎక్కకూడదు.

మెట్లు ఎక్కకూడదంటే పైవాటాలో ఉన్న మేమేం చెయ్యాలి? కింద వాటా ఖాళీగా ఉంటే ఇల్లుగలావిడ ఆ ముందుగదిని మాకు వాడుకోనిచ్చారు. ఆమె మేలు మరచిపోలేను. మావారూ నేనూ వంతులేసుకుని అక్కడే చాప మీద పడుకున్నాం. నున్నటి టైల్స్ మీద కాలు జారకుండా గదంతా యోగా మ్యాట్లు పరిచాం. ఒంటికి పంపించాలంటే పాత తువ్వాలు పొట్ట కిందుగా పోనిచ్చి, రెండు కొసలూ పైకి పట్టుకుని, వెనక భారం మేము మోస్తూ నడిపించేవాళ్లం. ఆ తువ్వాలు కొసల్లో 41 కిలోలకూ 36 కిలోలకూ తేడా ఏమిటో నా మణికట్లకు తెలిసింది. 41 ఉండగా అయితే ఎత్తగలిగేదాన్నే కాదు.

కుట్లు విప్పాక, మెడపట్టీ తాడు చేత్తో పట్టుకుని ఐదేసి నిమిషాల మెల్లని నడక మొదలుపెట్టించారు. వారం వారం కొంచెం పెంచాలి. వాడని కాలి తొడ కండ బాగా కరిగిపోతుంది. మా వీధి టైలరు దగ్గర టేపు అడిగి తెచ్చుకుని, రెండు తొడలూ ఒకేచోట కొలిచి, కేలండర్ మీద రాసేదాన్ని. మొదట్లో కుడితొడ చేత్తో పట్టుకుంటే ఎముకే తగిలేది. దీపావళి వెళ్లాక రెండు కొలతల మధ్య తేడా తగ్గుతూ వచ్చింది. బరువు చూడటానికి మూలనున్న బియ్యం కొట్టుకు తీసుకెళ్లేవాళ్లం. బస్తాలు తూచే కాటా మీద బుద్ధిగా నిలబడేది. ఆ కొట్టాయనకు డైసీ లెక్క నాకంటే బాగా గుర్తుండేది.

ఎముక అతుక్కుంది. బరువు 29కి వచ్చింది. సంక్రాంతి తర్వాత అది బీచ్ రోడ్డు మీద కుంటకుండా నడిచింది. నా కళ్లు తిప్పుకోలేకపోయాను.

మాటలు అప్పుడు మొదలయ్యాయి.

పొద్దున్నే కుక్కలను తిప్పేవాళ్లమందరం ఒకరికొకరు తెలిసినవాళ్లమే. "ఏటండీ, కుక్కకి కూడెట్టట్లేదేటి?" అని ఒకాయన అందరి ముందూ అడిగారు. ఆయనదీ లాబ్రడారే, నడుమన్నది లేకుండా ఉంటుంది, నాలుగు అడుగులకోసారి కూర్చుంటుంది. ఇంకొకావిడ డైసీని దగ్గరకు పిలిచి, నేను వద్దంటున్నా వినకుండా బ్రెడ్డు ముక్క పెట్టి, "నోరులేని జీవమండీ, ఉసురు తగుల్తాది" అన్నారు. మా బంధువుల్లో పెద్దావిడ అయితే, పిన్నిగారు ఎంత బాగా పెంచారో, మా చేతిలో పడి ఎలా అయిపోయిందో అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాట నాకు చాలా బాధనిపించింది. మనకు తిండి పెట్టడమే ప్రేమ. బొద్దుగా ఉంటే బాగా చూసుకున్నట్టు లెక్క. పైగా చుట్టూ ఉన్న కుక్కల్లో ఎక్కువ భాగం బరువెక్కి ఉంటే, ఉండాల్సినట్టున్నదే జబ్బుదానిలా కనిపిస్తుంది.

వాళ్లకు నేను ఒక్కటే చెప్పేదాన్ని, చెయ్యి వేసి చూడమని. మన అరచేతిని బోర్లా చాపి వెనక వేళ్ల ఎముకల మీదుగా రెండో చేత్తో తడిమితే ఎలా తగులుతుందో, కుక్క పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే సన్నబడిపోయినట్టు. చెయ్యి తిరగేసి అరచేతి వైపు నొక్కినట్టు మెత్తగా ఉంటే కొవ్వెక్కినట్టు. పైనుంచి చూస్తే నడుము తెలియాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోతూ పైకి ఎత్తుకుని ఉండాలి. డాక్టర్లు తొమ్మిది మెట్ల కొలమానంలో నాలుగూ ఐదూ అనేది దీన్నే.

ఇందులో నా సొంత కవిత్వమేం లేదు. కుక్కల తిండి తయారుచేసే ప్యూరినా సంస్థే 48 లాబ్రడార్ పిల్లలను, ఒకే ఈతలోవి జంటలుగా పెట్టి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదాని కంటే పావు వంతు తక్కువ పెట్టి, అవి బతికినంతకాలం చూసింది. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎక్కువ తిన్నవాటి మధ్యగత ఆయుష్షు, అంటే వాటిలో సగం దాటి బతికిన వయసు, 11.2 ఏళ్లు, తక్కువ తిన్నవాటిది 13. తుంటి కీళ్ల అరుగుదల ఎక్స్‌రేలో కనబడేది మొదటి గుంపులో ఆరేళ్ల వయసు ప్రాంతంలో అయితే, రెండో గుంపులో పన్నెండేళ్ల ప్రాంతంలో. కుక్క బతికేదే పది పన్నెండేళ్లు. అందులో దాదాపు రెండేళ్లు బిస్కెట్లకు ఇచ్చేయడానికి నాకు మనసొప్పదు.

ఆ మరుసటి వేసవిలో డైసీకి గోమారి జ్వరం వచ్చింది. గోధుమరంగు గోమార్లు కుట్టి అంటించే ఎర్లికియా. ఒళ్లు కాలిపోయింది, చిగుళ్లు పాలిపోయాయి, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఒక్కసారిగా ముద్ద ముట్టడం మానేసింది. అదే డైసీ, గిన్నె ఎదురుగా పెడితే ముఖం తిప్పుకుంది. "చూశారా, తిండి లేక రక్తం పోయింది" అన్న మాట ఆస్పత్రి దాకా వచ్చింది. జ్వరం గోమార్ల వల్ల వచ్చింది, వాటికి లావూ సన్నం ఒకటే. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేశాం. ఇల్లంతా మూలమూలలా కడిగి, గోమార్ల మందు కొట్టించాం. ఆ జబ్బులో అది 26కి దిగిపోయింది. అప్పుడు నా చేతికి పక్కటెముకలు నిజంగానే కణుపుల్లా తగిలాయి. ఆకలి తిరిగొచ్చిన రోజు నుంచి బీన్స్ పక్కనపెట్టి గుడ్డు, ఉడికించిన కోడి కలిపి తిండి పెంచాను. 28 దాటాక మళ్లీ మామూలు కొలతకు వచ్చాను. సన్నగా ఉండటం వేరు, చిక్కిపోవడం వేరు. ఆ తేడాను నేను వాళ్లందరికంటే ముందే చూశాను, రోజూ చెయ్యి వేసి చూస్తాను కాబట్టి.

ఇప్పుడు డైసీకి పదో ఏడు. 28న్నర. మెట్లు తనే ఎక్కుతుంది, మేమే దాన్ని మెల్లగా ఎక్కమంటాం. చలికాలం పొద్దున్న లేచేటప్పుడు కుడికాలు కొంచెం బిగుసుకుంటుంది, నాలుగడుగులేశాక సర్దుకుంటుంది. అరిగిన కీలు మళ్లీ కొత్తది కాదు. పోయినసారి చూపించినప్పుడు ఎడమ మోకాలు గట్టిగానే ఉందన్నారు డాక్టరుగారు. దసరా వెళ్లాక మళ్లీ ఎక్స్‌రేకి రమ్మన్నారు. బీచ్ రోడ్డులో ఆ మాటలు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. పిన్నిగారికి వీడియో కాల్‌లో చూపించినప్పుడు మాత్రం ఆవిడ, "మెట్లెక్కుతోందా? మా ఇంట్లో సోఫా కూడా ఎక్కలేకపోయేదే" అని, దాన్ని ఇంకోసారి ఎక్కించి చూపించమన్నారు.